అరచేతి కారుకు అసలు రూపు
రంగు గీకే ముందు అడుగు తిప్పి చూడాలి

అటక మీది రేకు పెట్టె దించి చూస్తే అందులో ఏముంటాయి? పాత శుభలేఖలు, తాతగారి కళ్లజోడు, సొట్టపడిన ఇత్తడి చెంబు, వీటన్నిటి అడుగున చక్రం ఊడిన బొమ్మ కారు ఒకటి. పట్నంలో ఉద్యోగం చేసే బాబాయో, మేనమామో పండక్కి వస్తూ తెచ్చిన కారు అది. ఇంట్లో పిల్లలంతా దాన్ని అరుగు మీద, వాకిట్లో, ఇసుక కుప్పల మీద నడిపించి ఉంటారు. రంగు పెచ్చులు లేచిపోయింది. ముందు అద్దం లేదు. ఇరుసు వంగింది. అయినా చేతిలోకి తీసుకుంటే తూకపు రాయిలా బరువుగా తగులుతుంది. పారేయడానికి మనసు రాదు.

ఇలాంటి కార్లను విప్పి, తుడిచి, కొత్త రంగు వేసి, రోడ్డు మీద తిరిగిన అసలు కారుకు ప్రతిరూపంగా తీర్చిదిద్దే పనికి చాలా దేశాల్లో అభిమానులు ఉన్నారు. పాతకాలపు స్పోర్ట్స్ కార్లంటే వారికి మరీ మక్కువ. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మాదిరిగానే ఇది కూడా కన్ను, చెయ్యి, ఓపిక కలిస్తేనే సాగే పని. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. తెలిసి చేస్తే పది రూపాయల బొమ్మ నూరు రూపాయల వస్తువవుతుంది. తెలియక చేస్తే వేల విలువ చేసే బొమ్మ పది రూపాయలకు దిగుతుంది.

కొలతలో ఉన్న కిటుకు

బొమ్మ కారుకూ, నమూనా కారుకూ తేడా కొలతలోనే ఉంది. బొమ్మను కంటికి నచ్చినట్టు చేస్తారు. నమూనాను అసలు కారులో ఇన్నో వంతు అని లెక్క కట్టి చేస్తారు. ఎక్కువగా కనిపించేవి 18వ వంతు, 24వ వంతు, 43వ వంతు, 64వ వంతు నమూనాలు. ఇందులో 43 అనే అంకె ఎలా వచ్చిందన్నది వినదగ్గ సంగతి. బ్రిటన్‌లో బొమ్మ రైళ్లు చేసేవారు ఒక అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన చేసేవారు. అడుగంటే సుమారు 305 మిల్లీమీటర్లు. దాన్ని ఏడుతో భాగిస్తే నలభై మూడున్నర వస్తుంది. ఆ రైళ్ల పక్కన నిలబెట్టడానికి చేసిన కార్లే తరువాత విడిగా పేరు తెచ్చుకున్నాయి. రైళ్లు వెనకబడినా కొలత మాత్రం నిలిచిపోయింది.

ఈ లెక్క ఒంటపట్టిన వారికే పని తెలుస్తుంది. ఉదాహరణకు నాలుగున్నర మీటర్లకు కాస్త తక్కువ పొడవున్న కారు 43వ వంతులో పది సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. నమూనా మీద రంగు పూత మందం మిల్లీమీటరులో పదో వంతు ఉందనుకుందాం. చూడటానికి అది కాగితం మందమే. కాని అసలు కారు లెక్కలో అది నాలుగు మిల్లీమీటర్ల మందపు పూత. అంత మందం రంగు వేస్తే తలుపు సందులు పూడిపోతాయి, అంచులు మొద్దుబారతాయి. ఇంటి గోడకు సున్నం కొట్టినట్టు కొడితే కారు కాదు, కారు ఆకారంలో బెల్లపు అచ్చు తయారవుతుంది.

జెనీవాలో మెరిసిన కారు

ఈ పనివారు చేతికి తీసుకునే కార్లలో జాగ్వార్ ఈ టైప్‌ది ప్రత్యేక స్థానం. బ్రిటన్‌లోని కోవెంట్రీ నగరంలో తయారైన ఈ కారును 1961 మార్చిలో స్విట్జర్లండ్‌లోని జెనీవాలో మొదటిసారి లోకానికి చూపారు. దాని ఒంపు గీసినవాడు మాల్కం సేయర్. ఆయన అంతకుముందు బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేసినవాడు. గాలి ఎదురైనప్పుడు ఎలా జారిపోవాలో లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారం కారు ఒంటికి ఒంపు తిప్పాడు. పొడవైన ముక్కు, వెనక్కి జరిగిన కూర్చునే చోటు, ముక్కు మొత్తం ముందుకు లేచే తీరు చూసినవారు మరిచిపోలేదు. 1974 వరకు దాదాపు 72 వేల కార్లు తయారయ్యాయి.

ఆ కారు కొనగలిగినవారు ఎందరు? కాని దాని బొమ్మ కొనడానికి పిల్లల జేబులోని చిల్లర చాలింది. లివర్‌పూల్ నగరంలోని మెకానో కంపెనీ తన డింకీ టాయ్స్ వరుసలో 120వ నంబరు కింద 1962లో ఈ టైప్ బొమ్మను విడుదల చేసింది. అదే ఏడాది లండన్‌లోని లెస్నీ కంపెనీ అగ్గిపెట్టెలో పట్టే కార్ల వరుసలోనూ ఈ టైప్ వచ్చింది. మ్యాచ్‌బాక్స్ కార్లుగా లోకమంతా ఎరిగినవి అవే. ఆ పేరు ఊరికే రాలేదు. కంపెనీ భాగస్వామి జాక్ ఒడెల్ కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తెచ్చుకోనిచ్చేవారు. ఆయన ఆ అమ్మాయికి అగ్గిపెట్టెలో పట్టేంత రోడ్డు రోలరును ఇత్తడితో చేసి ఇచ్చాడు. అందులోంచే ఆ వ్యాపారం పుట్టింది.

లివర్‌పూల్ అచ్చులు కలకత్తాకు

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. 1960ల నాటికి విదేశీ బొమ్మలు మన దేశంలోకి దిగుమతి కావడం గగనమైంది. బ్రిటన్‌లోనూ డింకీకి పోటీ పెరిగింది. 1956లో కిటికీలకు అద్దాలతో కోర్గీ కార్లు వచ్చాయి. 1968లో అమెరికా నుంచి వేగంగా దొర్లే హాట్ వీల్స్ వచ్చాయి. కొత్త బొమ్మలు చేయక తప్పని స్థితిలో లివర్‌పూల్ కంపెనీ తన పాత అచ్చులు కొన్నిటిని 1960ల చివరలో కలకత్తాలోని ఎస్. కుమార్ అండ్ కంపెనీకి ఇచ్చింది. వాటి నుంచి పోతపోసిన కార్లు నిక్కీ టాయ్స్ అనే పేరుతో వచ్చాయి. వాటిలో ఈ టైప్ జాగ్వార్ కూడా ఉంది.

అచ్చు అదే, పేరు మారింది. అడుగు భాగాన డింకీ అని ఉన్న చోటు చెరిపి నిక్కీ అని చెక్కారు. రంగులు కూడా ఇక్కడివే. అప్పటికే వేల పోతలు పోసి అరిగిన అచ్చులు కావడంతో కొన్నిటి అంచులు కాస్త మొద్దుగా వచ్చాయి. అయినా ఆనాటి మన పిల్లలకు అవే ముద్దయ్యాయి. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ 1979 నవంబరులో మూతపడింది. నిక్కీ కార్లు ఆగిపోయి కూడా చాలా కాలమైంది. నేడు పాత డింకీలు సేకరించే విదేశీయులు ఈ కలకత్తా కార్లను కూడా వెతికి కొంటున్నారు. ఒకే అచ్చు రెండు దేశాల్లో ఎలా బతికిందో చెప్పే సాక్ష్యాలు అవి.

అటక మీది పెట్టెలో దొరికిన కారు అలాంటిదే కావచ్చు. అందుకే చేతికి గరుకు కాగితం తీసుకునే ముందు అడుగు తిప్పి చూడాలి. అక్కడ కంపెనీ పేరు, కారు పేరు, తయారైన దేశం అచ్చు వేసి ఉంటాయి. మట్టి పట్టి ఉంటే తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు.

పని వరుస ఇదీ

పాత విలువ ఏమీ లేని మామూలు కారు అయితే ధైర్యంగా చెయ్యి వేయవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి నేడు దుకాణాల్లో వంద, రెండు వందల రూపాయలకు దొరికే చిన్న కార్లే మేలు. చెడినా బాధ లేదు.

మొదట కారును విప్పాలి. అడుగు రేకును పై ఒంటికి రివెట్లు పట్టి ఉంచుతాయి. సన్నని డ్రిల్లు బిట్టుతో రివెట్టు తల వరకే తొలచాలి. లోతుకు పోతే లోపలి స్తంభం పగులుతుంది. తిరిగి బిగించడానికి అదే స్తంభంలో గడియారాల రిపేరువారి దగ్గర దొరికేలాంటి చిన్న మర వేసుకోవచ్చు. విప్పిన ప్రతి ముక్కనూ ఏది ఎక్కడిదో రాసి, డబ్బా మూతల్లో విడివిడిగా పెట్టుకోవాలి.

తరువాత పాత రంగు తీయాలి. పెయింటు రిమూవరు పూసి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, సబ్బు నీళ్లతో కడుగుతారు. అద్దాలు, ప్లాస్టిక్ ముక్కలు ముందే తీసేయాలి. లేకపోతే అవి కరిగిపోతాయి. ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమరాదు. కాస్టిక్ సోడాలో నానబెట్టరాదు. ఈ కార్లు ఇనుముతో చేసినవి కావు, ఇత్తడితో చేసినవీ కావు. జింకులో నూటికి నాలుగు పాళ్ల అల్యూమినియం కలిపిన లోహంతో పోసినవి. జింకును పులుపు తింటుంది, కాస్టిక్ సోడా అంతకంటే ఎక్కువ తింటుంది.

ఒంటి మీద పోత గీత కనబడితే సన్నని ఆకురాయితో తీసి, నీళ్లతో తడిపిన నున్నని ఎమరీ కాగితంతో రుద్దాలి. ఆపైన ప్రైమరు. కొండపల్లి బొమ్మకు మక్కు పెట్టి నునుపు చేశాకే రంగు వేసినట్టు, ఇక్కడ కూడా ప్రైమరు వేసి ఆరాకే అసలు రంగు. రంగును పల్చని పొగలా మూడు నాలుగు సార్లు చల్లాలి. ఒక పూత ఆరాకే మరొకటి. మధ్యలో దుమ్ము పడకుండా డబ్బా బోర్లించి ఉంచడం పాత కిటుకు. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు రంగు వేస్తే తెల్లగా మసకబారుతుంది. ఎండగా, గాలి లేకుండా ఉన్న రోజు చూసుకోవాలి.

తలుపు సందులు కనబడాలంటే బాగా పల్చగా కలిపిన ముదురు రంగును సన్నని కుంచెతో గీతలో వదిలితే అదే పాకిపోతుంది. ఎర్ర కారుకు నల్ల రంగు వాడితే గీత గాయంలా కనిపిస్తుంది. ముదురు గోధుమ రంగే నప్పుతుంది. మెరిసే పట్టీలకు వెండి రంగు కంటే, వెనక జిగురుండే పల్చని లోహపు రేకు అంటించి అంచు కోయడం మంచి పద్ధతి.

పనికిరాని వస్తువే పనిముట్టు

ఈ పనికి ఖరీదైన సామాను కావాలనుకుంటే పొరపాటు. మాత్రల పట్టీ మీది పారదర్శకమైన ప్లాస్టిక్ బుడగ కారు దీపానికి అద్దమవుతుంది. పాడైన ఇయర్‌ఫోన్ తీగ చీలిస్తే వచ్చే రాగి పోగు ఇంజను తీగ అవుతుంది. ఊలు బట్ట నుంచి గీకిన నూగును జిగురు మీద చల్లితే కారు లోపలి తివాచీ అవుతుంది. కంసాలి వాడే పట్టుకారు, కుట్టు మిషను సూది, వెదురు పుల్ల ఉంటే సగం పనిముట్లు ఉన్నట్టే. కొత్త టైరు నిగనిగలాడుతుంది. రోడ్డు మీద నడిచిన టైరు అలా ఉండదు కనుక ఎమరీ కాగితం మీద రెండుసార్లు దొర్లించి మెరుపు చంపుతారు.

బయట దొరికే సామానులో గొప్పది ఆమ్లంతో కోసిన ఇత్తడి రేకు. ఈ టైప్ చక్రానికి సైకిలు చక్రంలా 72 పుల్లలు ఉంటాయి. ఒక్కో పుల్ల నాలుగు మిల్లీమీటర్ల మందం అనుకున్నా, 43వ వంతులో అది తల వెంట్రుకంత అవుతుంది. పోతలో అంత సన్నదనం రాదు. అందుకని ఫొటో పద్ధతిలో రేకు మీద గీత దించి, అక్కరలేని చోటు ఆమ్లంతో తినిపించి పుల్లలు నిలుపుతారు.

ఇంత చేసినా అసలు కారును చూడనివారి పని తేలిపోతుంది. ఈ టైప్‌లో మొదటి కార్ల ముందు దీపాల మీద గాజు మూతలు ఉండేవి. 1968లో వచ్చిన రెండో రకానికి ఆ మూతలు లేవు. 1971లో వచ్చిన మూడో రకానికి పన్నెండు సిలిండర్ల ఇంజను. మొదటి కార్లలో గడియారాల పలక నడిమి భాగం అల్యూమినియం తెలుపు, తరువాత నలుపు. ఆరు సిలిండర్ల ఇంజనుకు ప్లగ్గుల తీగలు ఆరు, కాయిలు నుంచి వచ్చేది ఒకటి, మొత్తం ఏడు. ఎనిమిదో తీగ పెట్టిన నమూనా ఎంత మెరిసినా తెలిసినవాడి ముందు నిలవదు. ఏ ఏడాది కారు చేస్తున్నామో ముందే తేల్చుకుని, ఫొటోలు పక్కన పెట్టుకుని కూర్చోవడం ఇందులో మొదటి పాఠం.

రంగులోనే ఉంది రహస్యం

ఇక అసలు చిక్కు. పాత బొమ్మకు కొత్త రంగు వేస్తే అందం పెరుగుతుంది, విలువ తగ్గుతుంది. ఎందుకంటే సేకరించేవారు కొనేది లోహాన్ని కాదు, ఫ్యాక్టరీలో ఆనాడు పడిన రంగును. ఇందుకు 1994లో లండన్‌లో జరిగిన వేలమే తార్కాణం. బెంటాల్స్ అనే దుకాణం పేరు రాసి ఉన్న పాత డింకీ సరుకుల బండి బొమ్మ ఒకటి 12,650 పౌండ్లకు పోయింది. పక్క రేకు మీది ఆ అక్షరాలే దాని విలువ. ఎవరో ఒకరు పెచ్చులు లేచాయని ముచ్చటపడి దాన్ని గీకి కొత్త రంగు వేసి ఉంటే, అది పాత బొమ్మల్లో మరో పాత బొమ్మగా మిగిలేది.

అందుకే సేకరణదారులు బొమ్మలను మూడు తెగలుగా చెబుతారు. కంపెనీ చేసినది చేసినట్టు ఉంటే అది కోడ్ 1. కంపెనీ అనుమతితో వేరొకరు రంగో, పేరో మారిస్తే కోడ్ 2. అనుమతి లేకుండా సొంతంగా మార్చినది కోడ్ 3. ఇంట్లో కూర్చుని చేసే మార్పులన్నీ కోడ్ 3 కిందికే వస్తాయి. అందులో తప్పేమీ లేదు, చిన్నతనమూ లేదు. మార్చినదాన్ని మార్చలేదని చెప్పి అమ్మితేనే తప్పు. మరమ్మతు చేసినవారు ఫలానా ఏడాది రంగు మార్చామని అడుగు రేకు లోపలి వైపు రాసిపెడితే, తరువాత చేతులు మారినా ఎవరూ మోసపోరు.

చక్రాలు పోయి, ఒళ్లంతా గీకుపడి, అసలు రంగు నామమాత్రంగా మిగిలిన కారును బాగుచేసుకుంటే పోయేదేమీ లేదు. అసలు రంగు చాలా భాగం నిలిచి, పెట్టె కూడా మిగిలి ఉంటే మాత్రం తుడిచి అలాగే ఉంచడం మేలు. ఎటూ తేలకపోతే ఆగడమే మంచిది. వేయని రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు. గీకిన రంగు తిరిగి రాదు.

తప్పని జాగ్రత్తలు

పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కనుక పొడిగా గీకరాదు. తడిపి రుద్ది, ఆ నీళ్లను, పొట్టును పిల్లలకు, పశువులకు అందకుండా పారవేయాలి. భోజనం చేసే చోట ఈ పని పెట్టుకోరాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రిమూవరు, తిన్నరు వాసనలు తలకెక్కుతాయి. కొన్ని రకాల రిమూవర్లు మూసిన గదిలో ప్రాణానికే ముప్పు. ఆరుబయట, చేతులకు రబ్బరు తొడుగులతో, పొయ్యికి దూరంగా చేయాలి. బట్టతో మూతి కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుంది గాని ఆవిరి ఆగదు.

మరొక జబ్బు లోహానిదే. పోత పోసేటప్పుడు జింకులో సీసం వంటివి కలిస్తే, ఏళ్లు గడిచాక ఆ లోహం లోపలి నుంచే పగుళ్లిచ్చి పొడి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన బొమ్మల్లో ఇది ఎక్కువ. దీనికి మందు లేదు. ఒంటి మీద సన్నని పగుళ్లు, ఉబ్బు కనబడితే వంచడం, నొక్కడం మానుకుని, తేమ తగలని చోట కదపకుండా ఉంచాలి.

వేసవి సెలవుల్లో అటకలు దులిపే ఇళ్లు చాలా ఉంటాయి. చక్రం ఊడిన కారు చేతికి దొరికితే పాత ఇనుము కొనేవాడి బుట్టలో వేయకముందు అడుగు తిప్పి అక్కడి పేరు చదవడానికి నిమిషం పట్టదు. మామూలు బొమ్మ అని తేలితే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వేసవి అంతా దాన్ని తీర్చిదిద్దవచ్చు. కలకత్తా కారు అని తేలితే, రంగు పెచ్చులతో, వంగిన ఇరుసుతో, అది ఉన్నది ఉన్నట్టుగా అద్దాల బీరువాలో ఉండదగ్గదే. ఆ పెచ్చులు ఈ ఇంటి పిల్లలు ఆడుకున్న గుర్తులు.